నాలుగంతస్తుల లోకం

1978లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో జాన్ హంటర్ అనే కుర్ర మాస్టారు పిల్లలకు ఆఫ్రికా గురించి చెప్పాల్సి వచ్చింది. ఉపన్యాసం ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. ప్లైవుడ్ బల్ల మీద ఆ ఖండపు సమస్యలన్నీ పరిచి, మీరే తేల్చండని పిల్లలకు వదిలేశారు. ‘వరల్డ్ పీస్ గేమ్’ అలా పుట్టింది.

ఆ బల్ల క్రమంగా ప్లెక్సిగ్లాస్ పలకల మేడ అయింది. అడుగున జలాంతర్గాములు, ఆపైన నేలా సముద్రం, ఆపైన దూదిమబ్బులు, యుద్ధవిమానాలు, అన్నిటికీ పైన అంతరిక్షం. చుట్టూ నాలుగు దేశాలు, కొన్ని కలిగినవి, కొన్ని పేదవి. తొమ్మిది, పదేళ్ల పిల్లలే ప్రధానులు, రక్షణమంత్రులు, ఆయుధ వ్యాపారులు. ఐక్యరాజ్యసమితీ, ప్రపంచబ్యాంకూ వాళ్లవే. వాళ్ల ముందుండే యాభై సంక్షోభాలు ఎలా అల్లుకుని ఉంటాయంటే, ఒకటి కదిపితే మిగతావీ కదులుతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది గెలుపు నియమం. సంక్షోభాలన్నీ తీరాలి, ప్రతి దేశపు ఆస్తీ మొదట్లో ఉన్నదానికన్నా పెరగాలి. అప్పుడే గెలుపు, అదీ అందరికీ కలిపి. పొరుగు దేశం పేదగా మిగిలితే సంపన్న దేశమూ ఓడినట్టే. జాలి పడమని ఎవరూ బోధించరు. అవతలివాళ్ల కష్టమేమిటో అడిగి తెలుసుకోకపోతే లెక్కే కుదరదు. ఎవరి మార్కులు వాళ్లకే వచ్చే తరగతి ఆటల్లో ఈ బలం ఎక్కడిది?

యుద్ధం చేసుకోవచ్చు, నిషేధం లేదు. కానీ సైనికులు చనిపోతే వాళ్ల తల్లిదండ్రులకు పిల్లలే ఉత్తరాలు రాయాలి. బొమ్మ సైనికుడికి అమ్మానాన్నలున్నారని తొమ్మిదేళ్ల వయసులో ఊహించి, ఆ మాట కాగితం మీద పెట్టాలి. ఇంత చిన్న నియమంతో ఇంత పెద్ద పని చేయించడం అసలైన పనితనం.

ఒక విద్రోహి కూడా ఉంటాడు. పైకి లోకాన్ని కాపాడుతూనే రహస్యంగా తప్పుడు సమాచారం పుట్టిస్తాడు. హంటర్ ఆ పాత్రను తరగతిలోని అల్లరి పిల్లలకే అప్పగిస్తారు. దాంతో మిగతావాళ్లు విన్న ప్రతి మాటనీ తరచి చూసుకోవాల్సి వస్తుంది.

ఒకసారి అతి పేద దేశపు రక్షణమంత్రిగా ఉన్న అమ్మాయి, తన ప్రధాని మాట కాదని, ఒక్క తూటా పేల్చకుండా పొరుగు దేశపు చమురు క్షేత్రాలను చుట్టుముట్టింది. తరగతి అంతా ఆమె మీద మండిపడింది. పొరుగు సేనలు ఇంధనం లేక కదల్లేకపోయాయి. ఆ దేశం పెద్ద యుద్ధానికి సిద్ధమవుతోందని ఆమె ముందే పసిగట్టిందని తర్వాత తేలింది. మాస్టారు మధ్యలో దిగి సరిదిద్ది ఉంటే ఆ సంగతి బయటపడేదే కాదు.

2010లో క్రిస్ ఫరీనా ఈ ఆటపై డాక్యుమెంటరీ తీశారు. 2012లో హంటర్ విద్యార్థులు పెంటగాన్‌కు వెళ్లి, అక్కడి అధికారులతో తమ ఆట గురించి మాట్లాడారు.