యజమాని కుర్చీలోంచి కనిపించే పిల్లవాడు

‘అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’ అనే కంప్యూటర్ ఆటలో మనం బ్యాటు పట్టుకోనక్కరలేదు. 1999లో మొదలై దాదాపు ఏటా కొత్త రూపంలో వస్తున్న ఈ ఆటలో మనం జట్టు నిర్వాహకులం. పట్టికలు చదవడం, ఆటగాళ్ళను కొనడం, వదిలించుకోవడం మన పని. కాలక్షేపానికి కూడా విమర్శ దేనికని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కానీ కథకు దృక్కోణం ఉన్నట్టే ఆటకూ ఉంటుంది. అది మనల్ని ఎవరి కుర్చీలో కూర్చోబెట్టి లోకాన్ని చూపిస్తున్నది?

విదేశీ బాలుర ఎంపికను చూడండి. అమెరికా జట్లు డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల్లో పదహారేళ్ళ పిల్లలతోనే ఒప్పందాలు చేసుకుంటాయి. 2021 నుంచి ఈ సంతకాల కాలం జనవరి 15న మొదలవుతున్నది. ఆటలోనూ ఇదే వ్యవహారం: పేరు, వయసు, 20 నుంచి 80 దాకా మార్కులు, అడిగే సొమ్ము. స్కౌట్ల మీద ఎంత ఖర్చు పెట్టినా వాళ్ళ అంచనా తప్పవచ్చు. ఈ అనిశ్చితిని దాచకపోవడం ఆటలోని నిజాయితీ, దాన్ని ఒప్పుకోవాలి. పిల్లవాడి విధేయతకు, కష్టపడే స్వభావానికి సైతం కొలతలున్నాయి. అతను మానేసిన బడికి మాత్రం గడి లేదు. పన్నెండు, పదమూడేళ్ళకే చేరదీసి, తిండిపెట్టి, శిక్షణ ఇచ్చి, సంతకం డబ్బులో పెద్ద వాటా పుచ్చుకునే ‘బుస్కోన్’ అనే దళారీ కూడా అందులో లేడు. పనికిరాడనుకుంటే ఒక మీట నొక్కితే చాలు, పేరు పట్టికలోంచి పోతుంది.

పేరు పోయాక మనిషి ఏమయ్యాడు? ఆ ప్రశ్న వేసినది ఆనా బోడెన్, రయన్ ఫ్లెక్ 2008లో తీసిన ‘షుగర్’. చక్కెర మిల్లుల ఊరు సాన్ పెద్రో దె మకోరీస్ నుంచి అయోవా రాష్ట్రానికి వచ్చిన మిగెల్‌కు హోటల్లో ఏమడగాలో తెలియదు; భాష రాక రోజూ ‘ఫ్రెంచ్ టోస్ట్’ అనే అంటాడు. ఒకనాడు వడ్డించే అమ్మాయి గుడ్లు రకరకాలుగా వండించి తెచ్చి, వాటి పేర్లు నేర్పుతుంది. ఏ స్కౌటు నివేదికా చెప్పని ఒంటరితనం ఆ ఒక్క పళ్ళెంలో కనిపిస్తుంది. చివరికి అతను జట్టు వదిలి న్యూయార్క్ చేరి, తనలాగే దారిమధ్యలో ఆగిపోయినవాళ్ళతో కలిసి ఆడుకుంటాడు. దర్శకులు దాన్ని ఓటమిగా చూపలేదు. కన్నీళ్ళూ పిండలేదు.

సినిమాకూ ఒక లోటున్నది: కథ మొదలయ్యేసరికే మిగెల్ శిక్షణ శిబిరంలో ఉన్నాడు. అంతకు ముందటి బేరం చూడాలంటే ‘బాల్‌ప్లేయర్: పెలొటెరో’ అనే డాక్యుమెంటరీ ఉన్నది. అందులోని మిగెల్ సనో 2009లో మిన్నెసోటా జట్టుతో 31 లక్షల 50 వేల డాలర్లకు సంతకం చేశాడు. అంతకు ముందు అతని వయసు మీద అనుమానంతో విచారణ సాగింది. ఎముకలకు కూడా పరీక్ష చేశారు. ఆట పట్టికలో ‘16’ అని కనిపించే అంకె వెనుక ఇంత తతంగం ఉన్నది.