వైద్యుల పునర్విద్య: గంటల లెక్క

వైద్యునికి చదువు పట్టాతో ముగియదు. పదిహేనేండ్ల క్రిందట నేర్చిన చికిత్స నేడు పనికిరాక పోవచ్చును. కనుకనే భారత వైద్యమండలి 2002లో వెలువరించిన వృత్తినియమావళి, ప్రతి వైద్యుడును ఐదేండ్లలో కనీసము 30 గంటలు వైద్యసదస్సులలో పాల్గొనవలెనని చెప్పినది. ఈ గంటలకే క్రెడిట్లని పేరు. సగటున ఏటికి ఆరు గంటలన్నమాట. నియమము మంచిదే, నా అభ్యంతరము దాని కొలబద్ద మీద.

గంట కాలమునకు కొలత గాని నేర్పునకు కాదు. హాజరు పట్టీలో పేరున్నంత మాత్రమున పాఠము వచ్చినదని ఏ ఉపాధ్యాయుడును నమ్మడు. (వృత్త్యంతర శిక్షణలో వెనుక బల్లలపై కూర్చున్నవారికి ఈ సంగతి ఇంకను బాగుగా తెలియును.) ఇట్టి సదస్సులపై జరిగిన 81 ప్రయోగ పరిశీలనలను కాక్రేన్ సంస్థవారు 2009లో ఒకచోట చేర్చి చూచిరి. ఆరోగ్యవృత్తులవారి ఆచరణలో కనబడిన మెరుగుదల మధ్యస్థముగా నూటికి 6 మాత్రమే. ఆరు సున్న కాదు, నిజమే. అయితే ఉత్త ఉపన్యాసముకంటె, ఉపన్యాసముతో చర్చయు అభ్యాసమును కలిపినచోట ఫలితము హెచ్చుగా నుండెను. గంటల లెక్కలో మాత్రము రెండింటికిని విలువ ఒక్కటే!

ఇక ఏమి నేర్పవలెనను ప్రశ్న. సిరిసిల్ల మరమగ్గముల షెడ్డులో ప్రక్కవానితో మాట్లాడవలెనన్నను కేక వేయవలెను. అట్టి మ్రోతలో ఏండ్లతరబడి పనిచేసినచో లోపలి చెవిలోని సూక్ష్మమైన రోమకణములు నశించును. అవి మరల మొలవవు. మొదట దెబ్బతినునది సెకనుకు సుమారు 4,000 కంపనములుగల శబ్దములను గ్రహించు శక్తి. సంభాషణ చాలవరకు అంతకంటె తక్కువ కంపనములతో సాగును గనుక, కార్మికుడు తన చెవులు బాగుగనే యున్నవని తలచును. పాఠశాలలోని 512 కంపనముల శృతిదండముతో పరీక్షించినను ఈ లోపము బయటపడదు, శ్రవణమాపకము కావలెను. లోపము సంభాషణదాకా వచ్చునప్పటికి చికిత్సకు మిగులున దేమియు లేదు.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీల సంగతియు ఇట్టిదే. పొగత్రాగని వారి మూత్రమునందును కోటినిన్ కనబడును. ఇది నికోటిన్ శరీరములో మార్పుచెందగా ఏర్పడు పదార్థము. పొగాకు ధూళి ద్వారాను, చర్మము ద్వారాను లోనికి చేరును. దగ్గుతో వచ్చిన స్త్రీని "ఏమి పని చేయుదువమ్మా?" అని అడుగని వైద్యునికి ఈ కారణము తట్టదు.

ఆ ప్రశ్నను ముందుగా అడుగగలది ఆశా కార్యకర్త. ఆమె ఆ వాడలోనే నివసించును. కాని వైద్యమండలి, నర్సింగు మండలి పట్టికలలో ఆమెకు ఆ హోదాతో చోటు లేదు. కనుక ఆమె నేర్చినదానికి క్రెడిట్లును లేవు. గంటల లెక్కలో నాకు అన్నిటికంటె వింతగా తోచునది ఇదే.

జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. క్రెడిట్లలో సగము సదస్సునాడు ఇచ్చి, తక్కిన సగము మూడు నెలల పిమ్మట ఈయవచ్చును. ఎందరు మగ్గపువారి చెవులు పరీక్షించిరి, ఎన్ని చీటీలలో రోగి వృత్తి వ్రాసిరి అని అప్పుడు చూచుట కష్టము కాదు. ఆ పట్టీలో ఆశా కార్యకర్త పేరును వైద్యుని పేరు ప్రక్కనే ఉండవలెను.