మల్లన్న కొలువంటే తెల్లారేదాకా కథే

మల్లన్నను కొలవాలంటే కొబ్బరికాయ కొడితే చాలదు, ఆయన కథ వినాలి. ఒగ్గు పూజారి వచ్చి, రంగుపొడుల ముగ్గుగా పట్నం వేసి, ఒగ్గు మోగించి, స్వామి పెండ్లి చేస్తేనే మొక్కు తీరినట్టు. పూజారే కథకుడు, గాయకుడు, నటుడు అయ్యే ఇలాంటి కొలువు మరెక్కడుందో చూపించమనండి!

సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలో మల్లన్నది పుట్టమన్ను విగ్రహం. అటూ ఇటూ దేవేరులు మేడలమ్మ, గొల్ల కేతమ్మ. సంక్రాంతి తర్వాత పట్నం వారం, ఆ వెనుక లష్కర్ వారం, అలా ఆదివారం వెంట ఆదివారం ఉగాది ముందుదాకా జాతరే. ఒగ్గంటే శివుడి డమరుకమేనని పెద్దల మాట. కురుమ, యాదవ కుటుంబాల్లో అది తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వస్తోంది.

ముందుగా పట్నం చూడండి. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండుటాకుల పొడి, ఇవే రంగులు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పొడి సన్నగా జారుతుంటే గీత ఎక్కడా తెగదు, లావెక్కదు. గీసిన చేయి మళ్లీ దిద్దుకోదు. శివరాత్రి అర్ధరాత్రి కొమురవెల్లిలో వేసే పెద్దపట్నం ముందు ఏ చిత్రకారుడైనా చేతులు జోడించాల్సిందే.

ఇక కథ. ప్రధాన కథకుడికి వంతపాటగాడు తోడు, వెనుక డోలు, తాళం, నఫీరా. డోలుకు ఒకవైపు కర్ర, మరోవైపు అరచెయ్యి. వచనం పాటలోకి, పాట సంభాషణలోకి మారేచోట అతుకు కనబడకపోవడమే అసలు విద్య. కథకుడు భుజం మీది కండువా తీసి తలమీద కొంగులా కప్పుకుంటాడు. ఆ క్షణాన డోలు దెబ్బ నెమ్మదిస్తుంది, మెడ వంపు మారుతుంది, గొంతులో కేతమ్మ పలుకుతుంది. కండువా నడుముకు బిగిస్తే మళ్లీ మల్లన్నే! తెరలేదు, రంగు పూత లేదు. వంతపాటగాడు మధ్యలో వేసే ఎదురు ప్రశ్న నిద్రకు జోగే ముసలవ్వను సైతం లేపి కూర్చోబెడుతుంది.

ఈ విద్యలో మాణిక్యపురం చుక్క సత్తయ్యది శిఖర స్థానం. 2017లో కన్నుమూసే నాటికి పన్నెండు వేలకు పైగా ప్రదర్శనలిచ్చాడని చెబుతారు. హనుమాజీపేట మిద్దె రాములు 1990లో మారిషస్‌ ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఒగ్గును మోసుకెళ్లిన ఘనుడు. ఎవరు గొప్ప అంటే నేను సత్తయ్య పక్షమే. నవ్వించిన నోటితోనే మరుక్షణం ఏడిపించడం ఆయన తర్వాత నేనెవరిలోనూ చూడలేదు.

మరి ఇప్పుడేం జరుగుతోంది? నాయకుల స్వాగతాలకు పది నిమిషాల డోలు గెంతులు, మెరుపు బట్టలు, చేతికో శాలువా. దానికి ఒగ్గుకథ అని పేరు! డోలు విన్యాసం అందమైనదే, కాదనను. కానీ కథ లేని ఒగ్గు మల్లన్న లేని గుడి. ఇండ్లలోనూ అంతే. పూజారిని గంటలో ముగించమని తొందరపెట్టి, రికార్డు పెట్టి, డీజే బాక్సులు మోగిస్తున్నారు. పట్నంలో పసుపు ఉండాల్సిన చోట సంతలో కొన్న రసాయన రంగులు పోస్తున్నారు. ఆ పట్నం తొక్కి ఏ బండారి పసుపు నుదుట పెట్టుకుంటాం? రాత్రంతా కథ నడపగల కళాకారుడు కూలికి పోతుంటే సిగ్గుపడాల్సింది మనమే.

మల్లన్న ఇలవేల్పుగా ఉన్న ప్రతి ఇంటికీ నా విన్నపం ఒక్కటే. ఈసారి పెండ్లి మొక్కుకు డీజే పైసలు ఒగ్గు మేళానికివ్వండి. రాత్రంతా చెప్పనివ్వండి, పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. జాతర వారాల్లో నిండు కథకు ఒక రాత్రి కేటాయించమని ఆలయాల వాళ్లను నిలదీసి అడగండి. వినేవాళ్లుంటే చెప్పేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. వాళ్లుండగానే పిలుచుకుందాం.