ఫ్రెంచి సైనికుల వంశశోధనము: నామప్రామాణ్యవిమర్శ

హైదరాబాదునందలి మూసారాంబాగను పేరునుగూర్చి యొక కథ ప్రచారమునఁ గలదు. నైజాముకొలువున ఫ్రెంచిపటాలములను నడపి 1798 సం. మార్చి 25వ తేదిని మృతుఁడైన రేమండును మహమ్మదీయులు మూసారహీమనియు, హిందువులు మూసారామనియుఁ బిలిచి తమవానినిగాఁ జేసికొనిరఁట. పిలిచినమాట నిజమే కావచ్చును. ఆ పిలుపునకు మూలము మాత్రము వేఱు. 'ముస్యే' యనునది ఫ్రెంచిభాషయందు మన 'శ్రీ' వంటి గౌరవవాచకము. 'రేమోఁ' యనునది యాతని పేరునకుఁ దద్దేశోచ్చారణము. రెండును గలిసి దేశీయుల నోట మూసారామైనవి. బుస్సీదొర ముసాబుస్సీ యైనదియు నిట్లే.

ఇది వినోదమాత్రముగాఁ దోఁపవచ్చును. కాని ఫ్రెంచి సైనికుఁడు తమ మూలపురుషుఁడని విని యాతని జాడ నరయువారు తొట్రుపడుచున్నది యిచ్చటనే. 1753 సం.న ఉత్తరసర్కారులు ఫ్రెంచివారి వశమైనవి, 1757 సం.న బొబ్బిలికోట పడినది, 1759 సం.న మచిలీపట్టణము ఆంగ్లేయుల చేఁజిక్కినది. ఆ కాలపు సైనికుని సంతతివారికి మిగిలినది యొక పేరే యైనచో, ఆ పేరు పరీక్షకు నిలుచునా యని మొదట విచారింపవలయును.

ఫ్రెంచి రాజసైన్యమున 1716 సం. జూలై శాసనముచే సైనికుల వివరములను బట్టీల కెక్కించు పద్ధతి యేర్పడెను. పేరు, పుట్టినయూరు, వయస్సు, ఎత్తు, గుఱుతులు అందు వ్రాయఁబడును. వీనితోఁగూడ 'యుద్ధనామము' మఱియొకటి. లాఫ్లర్ అనఁగా పుష్పము. సాఁసూసీ యనఁగా నిశ్చింతుఁడు. దండులో నీపేరే వాడుక. ఇది వైయాకరణులు చెప్పు డిత్థడవిత్థాదులవలె యదృచ్ఛాశబ్దమే. అర్థమున్నను ఆ యర్థము ప్రవృత్తినిమిత్తము కాదు, తండ్రికిఁ గాని తమ్మునికిఁ గాని చెందదు. ఒక దండులోని సాఁసూసీని వేఱొకదండులోని సాఁసూసీకి జ్ఞాతిగా భ్రమించువాఁడు లోకమునందలి నిశ్చింతుల నందఱను నొక కుటుంబముగాఁ జేయును. పట్టీలో విలువగలది పుట్టినయూరు.

మతాధికారులు వ్రాసిన పుస్తకములు ఇంతకంటె నుపకరించును. వలసదేశములందుఁ బత్రములు చెమ్మకును, బురుగులకును, యుద్ధములకును బాలగునను భయముచే, వాని ప్రతులను వెర్సేలునకుఁ బంపవలయునని 1776 సం. జూన్ నెలలో రాజాజ్ఞ వెలువడెను. ఆ ప్రతులు నేఁడు ఏక్స్ నగరమునందలి భాండాగారమునఁ గలవు. ఇందును మెలకువ వలయును. తల్లి దేశీయస్త్రీయైనచో జ్ఞానస్నానమప్పు డిచ్చిన పేరు మాత్రమే కానవచ్చు పత్రములు కలవు. పుట్టింటిపేరు లేదు, ఊరు లేదు. తండ్రికై సముద్రము దాఁటి వెదకువారు తల్లినిగూర్చి యొక్కప్రశ్నయైన వేయకుండుట శోచనీయము. ఆతని వంశ మీదేశమున నిలిచినది యామెవలననే కదా.

అన్నిటికంటె బలవత్తరమైన బాధకము 1881 సం. సెప్టెంబరు 21వ తేది శాసనము. దానిచే ఫ్రెంచి యిండియాలోని దేశీయులు తమ స్వీయధర్మమును విడిచి ఫ్రెంచి పౌరధర్మము నంగీకరింపవచ్చును. అట్లు చేసినవారు ఒక యింటిపేరును గైకొనవలెను. ఫ్రెంచిపేళ్లు గైకొన్నవారు పలువురు. కాఁబట్టి పుదుచ్చేరియందుఁ గాని, 1954 సం. వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానామునందుఁ గాని యొకరికి ఫ్రెంచి యింటిపేరున్నంతమాత్రమున ఫ్రెంచిరక్తమున్నదనుట హేత్వాభాసము. అంతేకాదు. ఇట్లు పేరు పెట్టుకొన్నవారిలోఁ గొందఱు ఇండోచైనాకుఁ బోయి ఫ్రెంచిసైన్యమునఁ గొలిచిరి. వారి మనుమలు తమ తాత ఫ్రెంచిసైనికుఁడనుట సత్యమే. అది ఫ్రెంచివాఁడగు సైనికుఁడని కర్మధారయమా, ఫ్రెంచివారి సైనికుఁడని షష్ఠీతత్పురుషమా? విగ్రహము చేయక వంశవృక్షమును వ్రాసినవారు తమ తాతను విడిచి యెవరి తాతనో కొలుచుచుందురు.

తన జననపత్రమునుండి తల్లిదండ్రుల వివాహపత్రమునకును, అందుండి వారి జననపత్రములకును వెనుకకు నడచి, యూరు తెలిసినపిమ్మటనే సైన్యపుఁబట్టీని దెఱవవలయును. రేమండు సమాధియొద్ద నిలిచిన స్తంభముపై జే, ఆర్ అను రెండక్షరములే చెక్కఁబడినవి. ఆతఁడు 1755 సం.న గాస్కనీ సీమలోఁ బుట్టినవాఁడనుట వానివలనఁ దెలియదు.