నాభ్యంతరము మారని జేబు కెమేరా: ఒక పరిశీలన

కెమేరా కొనబోయినవారు అంగడిలో తరచుగా అడుగు ప్రశ్న "ఇది ఎన్ని రెట్లు దగ్గరకు తెచ్చును?" అన్నది. దూరమున నున్న వస్తువును లాగి చూపు జూము కటకమునకు సామాన్యుల మనస్సులో అంతటి గౌరవమున్నది. ఆ ప్రశ్నకు "ఒక్క రెట్టయినను తేదు" అని సమాధానము చెప్పవలసిన చిన్న కెమేరా ఒకటి, జూము గల అనేక కెమేరాలకంటె హెచ్చు ధరకు అమ్ముడుపోవుటయు, కొన్నవారు దానిని ప్రతిదినము జేబులో వేసికొని తిరుగుటయు ఆలోచింపదగిన విషయము. జపాను దేశపు రికో సంస్థ 2019లో వెలువరించిన జి.ఆర్. 3 అట్టిది. అమెరికాలో అప్పుడు ప్రకటించిన ధర సుమారు 900 డాలర్లు. ఇంత ధరకు శాస్త్రరీత్యా కారణము కలదా, లేక ఇది వేడుకకాండ్ర మోజు మాత్రమేనా?

ఈ సంస్థ పుట్టుక విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఆసక్తికరమే. 1917లో టోక్యోలో స్థాపితమైన రికెన్ అను భౌతిక రసాయన పరిశోధనాలయము నుండి, కాంతి సోకిన మారెడు పూతకాగితమును తయారు చేయుటకై 1936లో వేరుపడిన కంపెనీయే తరువాత రికో ఐనది. 1996లో వారు ఫిల్ముతో పనిచేయు జి.ఆర్. 1 అను సన్నని కెమేరాను తెచ్చిరి. 2005లో ఫిల్ము స్థానమున ఎలక్ట్రానిక్ గ్రాహకఫలకము (సెన్సారు) వచ్చినది. 2013లో ఆ ఫలకము పెద్ద కెమేరాలలో వాడు పరిమాణమునకు పెరిగినది. టోక్యోలోని షింజుకు వీధులను ఏండ్ల తరబడి చిత్రించిన మోరియామా దైదో ఈ వరుస కెమేరాలను చేపట్టుటచే వీని పేరు ఇంకను వ్యాపించినది. పేరు సరే, గుణము వేరుగా చూడవలసినదే. నాభ్యంతరము మారని కటకము మన దేశమునకు క్రొత్తయు కాదు. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ 3 పెట్టె కెమేరా ఎన్నో ఇండ్లలో ఉండెడిది. దానిని విలాసవస్తువని ఎవ్వరును అనలేదు!

జి.ఆర్. 3 కటకపు నాభ్యంతరము 18.3 మి.మీ.; గరిష్ఠ ద్వారము ఎఫ్/2.8. దాని వెనుక 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు గల గ్రాహకఫలకము, దానిపై 2 కోట్ల 40 లక్షల బిందువులు కలవు. బ్యాటరీతో సహా కెమేరా బరువు 257 గ్రాములు. జూము కటకములో నాభ్యంతరము మారుటకై గాజుబిళ్లల గుంపులు ముందు వెనుకలకు జరుగుచుండవలెను. జరిగిన ప్రతిచోటను గోళీయ విపథనము, వర్ణ విపథనము మున్నగు దోషములను కొంతకొంత సరిపెట్టవలెనే గాని, ఏ ఒక్కచోటను పూర్తిగా పోగొట్టుట దుస్సాధ్యము. ఒకే నాభ్యంతరమునకు కట్టుబడినచో ఈ రాజీ అక్కరలేదు. ఇందులో ఆరు గాజుబిళ్లలు మాత్రమే ఉన్నవి. అందు రెండు గోళాకారము కానివి. కటకము ఊడదీయునది కాదు గనుక దాని వెనుకబిళ్లను ఫలకమునకు మిక్కిలి చేరువగా అమర్చవచ్చును. జేబులో పట్టు ఒడలిలో ఇంత పెద్ద ఫలకము ఇముడుటకు రహస్యమిదే.

ఇక్కడ ఒక లెక్క చూడవలెను. "పెద్ద ఫలకము, కావున ఫోనుకంటె ఎన్నో రెట్లు మేలు" అని కెమేరా ప్రియులు తరచు వాదింతురు. మంచి ఫోనులలోని ప్రధాన ఫలకము సుమారు 10 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. ఎత్తు ఉండుననుకొందము. వైశాల్యము 70 చదరపు మి.మీ. జి.ఆర్. ఫలకపు వైశాల్యము 366 చదరపు మి.మీ., అనగా ఐదు రెట్లు. కాని ఫోను కటకపు ద్వారము ఎఫ్/1.8 వంటిది. ద్వారసంఖ్యల నిష్పత్తిని వర్గము చేసినచో, ఫలకముపై ప్రతి చదరపు మిల్లీమీటరునకును ఫోనులో సుమారు 2.4 రెట్లు హెచ్చు కాంతి పడునని తేలును. ఐదు రెట్ల లాభములో సగముపైగా అక్కడనే హరించిపోయినది! మిగులునది రెండు రెట్లు మాత్రమే. పైగా ఫోను ఒక్క మీటనొక్కుడులో అనేక చిత్రములను తీసి, వానిని ఒకటిగా కలిపి, గరుకుతనమును తగ్గించును. మసకచీకటిలో ఏ శ్రమయు లేకుండ కంటికింపైన బొమ్మ కావలసినవారికి ఫోనే చాలును. ఈ మాట ఒప్పుకొననిదే ఈ కెమేరాను న్యాయముగా మెచ్చుకొనుట సాధ్యము కాదు.

అయితే కలిపి కుట్టిన బొమ్మకును ఒక క్షణపు బొమ్మకును భేదము కలదు. పరుగెత్తు బాలుని చేయి అనేక చిత్రములలో అనేక స్థానములలో ఉండును; ఏది ఉంచవలెనో, దేనిని తుడిచివేయవలెనో యంత్రపు లెక్క నిర్ణయించును. జి.ఆర్. 3లో సాధారణముగా ఒక్క నొక్కుడుకు ఒక్కటే కాంతిపాతము. ఫలకము కొలిచిన అంకెలను దిద్దుబాటుకు ముందున్నట్లే భద్రపరచు సౌకర్యము కూడ ఉన్నది. ఆ అంకెలు పడిన కాంతికి అనులోమానుపాతములో ఉండును. చీకటిగదిలో తెల్లకాగితమును చిన్న బల్బునకు ఎదురుగా 1 మీటరు దూరమునను, తరువాత 2 మీటర్ల దూరమునను నిలిపి, కెమేరా అమరికలు మార్చక చిత్రములు తీసి, వెలుతురు లేనప్పటి అంకెను తీసివేసి పోల్చినచో, రెండవది మొదటిదానిలో సుమారు నాల్గవవంతు కనబడును. విలోమవర్గ నియమమును తరగతిలో ఇంత సులభముగా చూపగల పరికరమును వట్టి విలాసవస్తువని త్రోసివేయుట సరికాదు.

ఆరుబయట నిత్యము వాడుటలో ఈ కెమేరా అసలు సుగుణము వేరొకటి. సామాన్యముగా కెమేరా వస్తువును వెదకి, స్పష్టతను సరిచూచుకొని, అప్పుడు షట్టరును విప్పును. ఆ లోపల పిల్లవాని నవ్వు మాయమగును. జి.ఆర్. 3లో 1, 1.5, 2, 2.5 మీటర్లు మొదలైన దూరములలో ఒకదానిని ముందే నిర్ణయించి ఉంచవచ్చును. మీటను ఒక్కపెట్టున చివరివరకు నొక్కినచో వెదకులాట లేకుండ ఆ దూరముననే చిత్రము పడును. మరి వస్తువు సరిగా ఆ దూరమున లేకున్న? దీనికి లెక్క ఉన్నది. నాభ్యంతరమును వర్గము చేసి, ద్వారసంఖ్యతోను, కంటికి బిందువువలె కనబడు మచ్చయొక్క వ్యాసముతోను భాగింపవలెను. ఈ ఫలకమునకు ఆ వ్యాసమును 0.02 మి.మీ. అని తీసికొందురు. ద్వారము ఎఫ్/8 అయినచో 335ను 0.16తో భాగించగా సుమారు 2,100 మి.మీ., అనగా 2.1 మీటర్లు వచ్చును. కెమేరాను ఆ దూరమునకు కట్టిపెట్టినచో దానిలో సగము, అనగా 1.05 మీటర్లు మొదలుకొని అనంతదూరము వరకు ఉన్నదంతయు స్పష్టముగనే కనబడును. ఎదుట నిలిచిన మనిషియు, వెనుకనున్న కొండయు ఒకే చిత్రములో తేటగా వచ్చును.

ఈ లెక్కను పట్టుకొని కొందరు మరీ ముందుకు పోయి, ద్వారమును ఎఫ్/16 వరకు కుదించి, ఇంకను స్పష్టత వచ్చుననుకొందురు. అది పొరపాటు. ద్వారము చిన్నదైనకొలది కాంతి వివర్తనము చెంది ప్రతి బిందువు ఒక చిన్న బిళ్లగా పరచుకొనును. ఆకుపచ్చని కాంతికి ఎఫ్/16 వద్ద ఆ బిళ్ల వ్యాసము 0.021 మి.మీ.; ఫలకముపై ఒక్కొక్క బిందువు వెడల్పు 0.004 మి.మీ. మాత్రమే. కనుక ఎఫ్/5.6, ఎఫ్/8ల వద్ద ఆగుట మేలు. 0.02 మి.మీ. అన్న ప్రమాణము కూడ చేతిలో పట్టి చూచు ముద్రణకు సరిపోవునది. పెద్ద తెరపై ఎన్నో రెట్లు పెంచి చూచువారికి కొండ అంచులు మెత్తగానే కనబడును.

నాభ్యంతరము మారకపోవుట మనిషి నడకపై చూపు ప్రభావము విచిత్రమైనది. కెమేరాకు 2 మీటర్ల దూరమున ఒక బాలుడు, 20 మీటర్ల దూరమున ఒక మఱ్ఱిచెట్టు ఉన్నవనుకొందము. జూము త్రిప్పినచో బాలుడును చెట్టును ఒకే నిష్పత్తిలో పెరుగుదురు. వారి మధ్య సంబంధము మారదు. చుట్టున్న భాగమును కత్తిరించి మిగిలినదానిని పెంచినట్లే. అదే రెండు మీటర్లు వెనుకకు నడచినచో బాలుని ప్రతిబింబము సగమగును. చెట్టు ఇప్పుడు 22 మీటర్ల దూరమున ఉన్నది గనుక దాని ప్రతిబింబము పదకొండింట పదివంతులుగా నిలిచియుండును. చెట్టు పెద్దదై బాలునిపై వాలినట్లు తోచును. చిత్రములో దగ్గర దూరముల పొందికను నిర్ణయించునది కటకము కాదు, నిలుచున్న చోటు. జూము ఉన్నవారు నడువరాదని శాసనము లేదు. కాని చేతిలో తిరుగుడు చక్రముండగా కాళ్లు కదలుట అరుదు. జి.ఆర్. పట్టుకొన్నవాడు నడువక తప్పదు. వానికి కొన్ని వారములలో ఏ దూరమునుండి ఎంత పట్టునో కంటితోనే తెలియును. పది మీటర్ల దూరమున 12.8 మీటర్ల వెడల్పు పట్టును. కెమేరాను తీయకముందే చిత్రము మనస్సులో కూడుకొనుట ఇట్లు అలవడును. దీనిని వాడువారు చెప్పు సంతోషమునకు మూలమిదే కావచ్చును.

ఆ 12.8 మీటర్ల వెడల్పే కొన్ని పనులకు దీనిని అనర్హము చేయుచున్నది. 16 సెంటీమీటర్ల పొడవు గల లకుముకిపిట్ట పది మీటర్ల దూరములో వాలినచో, 6,000 బిందువుల వెడల్పు గల చిత్రములో అది ఆక్రమించునది 75 బిందువులు మాత్రమే. పక్షులను చిత్రింపగోరువారికి ఈ కెమేరా నిష్ప్రయోజనము. ముఖములకును ఇది అంత నప్పదు. చట్రము నిండవలెనని 30 సెంటీమీటర్ల దూరమునకు చేరినచో, చెవులకంటె 10 సెంటీమీటర్లు ముందున్న ముక్కు చెవులతో పోల్చగా మూడింట ఒకవంతు అధికముగా పెరిగి కనబడును. రెండు మీటర్ల వద్ద ఆ ఆధిక్యము నూటికి ఐదు మాత్రమే. 2021లో ఇదే కెమేరాను 26.1 మి.మీ. నాభ్యంతరముతో జి.ఆర్. 3 ఎక్స్ అను పేర తెచ్చుటకు ఇటువంటి ఇబ్బందియే కారణమై యుండును. ముఖములు చిత్రించువారికి ఈ రెండవదే తగును.

షట్టరు కటకము నడుమనే రేకుల రూపమున ఉన్నది. చప్పుడు దాదాపు లేదు. కాని ద్వారము పూర్తిగా తెరచియున్నప్పుడు రేకులు ఎక్కువ దూరము కదలవలెను గనుక అప్పటి వేగము సెకనులో 2,500వ వంతును మించదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్/2.8 వద్ద అంతకన్న కొంచెము హెచ్చు వేగమే కావలెను. అందుకై కాంతిలో నాల్గవవంతును మాత్రము పోనిచ్చు మసక గాజును లోపలనే అమర్చినారు. ఇది తెలివైన ఏర్పాటు.

దోషములలో మొదటిది, కంటికి ఆనించి చూచు గవాక్షము లేకపోవుట. బొమ్మ కూర్చుటకు వెనుకనున్న తెరయే గతి. మండుటెండలో ఆ తెర వెలవెలబోవును. ఆరుబయటి పనికి ఉద్దేశించిన యంత్రములో ఈ లోపము చిన్నది కాదు. పైన తగిలించుకొను గాజుగవాక్షము విడిగా కొనవలెను. అప్పుడు జేబులో ఇముడుట అన్న సుగుణము కొంత పోవును. ఒడలికి దుమ్మునుండి గాని, వానచినుకులనుండి గాని బందోబస్తు లేదు. మీట నొక్కగానే ముందుకు వచ్చి, ఆపగానే లోపలికి పోవు కటకమునకు దుమ్ముదారులలో జాగ్రత్త అవసరము. ఒక బ్యాటరీ సుమారు 200 చిత్రములకు వచ్చును. విహారయాత్రకు రెండవది వెంట ఉండవలసినదే. సన్నని నేత గల బట్టలను తీసినప్పుడు అప్పుడప్పుడు లేని చారలు కనబడును. ఫలకపు గళ్లును నేతపోగులును ఒకదానిపై ఒకటి పడుటవలన ఇవి పుట్టును. రెండు దోమతెరలను ఒకదానిపై ఒకటి వేసి కొంచెము త్రిప్పినచో ఇవే చారలను విద్యార్థులు కన్నులార చూడవచ్చును.

2025లో ఈ వరుసలో జి.ఆర్. 4 వెలువడినది. కటకమును ఏడు బిళ్లలతో తిరిగి రచించినారు. నాభ్యంతరము మాత్రము అదే 18.3 మి.మీ. చేతివణకును సవరించు ఏర్పాటు మెరుగైనది. గవాక్షము ఇప్పటికిని లేదు, వానకు రక్షణయు లేదు. అమెరికాలో దాని ధర సుమారు 1,500 డాలర్లుగా ప్రకటించినారు. కనుక ఒక్కరు కొనుటకంటె నలుగురు కలసి వాడుకొను పాఠశాల విజ్ఞాన సంఘములకు, పాతబడిన జి.ఆర్. 3 మంచి స్థితిలో చేతిమార్పున దొరికినచో, అదియే తీసికొనదగినది.