'ముసలమ్మ మరణం'లో చెరువుకట్ట – అనంతపురం నగర నిర్మాణం: ఒక పునఃపఠనం

ఆధునిక తెలుగు సాహిత్యంలో అనంతపురం అనగానే స్ఫురించేది కరువు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' మొదలుకొని సింగమనేని నారాయణ కథలు, బండి నారాయణస్వామి నవలల వరకు ఈ నేలను గురించిన రచనలో అధికభాగం నీటి లేమిని గురించిన రచనే. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం గల పీఠభూమిలో ఇది సహజం. జైసల్మేర్ తరువాత దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లా ఇదేనన్న వాక్యం రాయలసీమ సాహిత్య పరిశోధనల ఉపోద్ఘాతాలలో ఇంచుమించు మంగళాచరణంలా స్థిరపడిపోయింది కూడా. అయితే ఈ పట్టణపు చెరువును తెలుగు కావ్యలోకానికి పరిచయం చేసిన కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం'లో కరువు లేదు. అందులో ఉన్నది వరద. కట్ట తెగబోతున్న చెరువు, దాని కింద నిద్రపట్టని ఊరు ఆ కావ్యానికి ఆధారం. ఈ వ్యత్యాసాన్ని విమర్శ ఇంతవరకు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు. నగర ప్రణాళిక కూడా పట్టించుకోలేదు. ఈ రెండు ఉపేక్షలకూ ఉన్న సంబంధమే ఈ వ్యాసానికి విషయం.

కావ్యం, దాని చుట్టూ అల్లుకున్న చర్చ

మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్న రోజులలో, 1899 ప్రాంతంలో, రామలింగారెడ్డి ఈ కావ్యాన్ని రచించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఇతివృత్తం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కృషివల్ల వెలుగు చూసిన అనంతపుర చరిత్రలోని ఐతిహ్యం. స్థానికంగా తెలుగులో రాసిన ఆ చరిత్రను బ్రౌన్ 1853లో 'రాజుల యుద్ధాలు' అన్న పేరుతో ఆంగ్లంలోకి అనువదించి ప్రకటించాడు. కథ చిన్నది. కుండపోత వానకు బుక్కరాయసముద్రం చెరువు నిండి కట్ట తెగే స్థితికి వస్తుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిగా ఇస్తే కట్ట నిలుస్తుందని అశరీరవాణి పలుకుతుంది. ఆమె ఇంటివారివద్ద సెలవు తీసుకొని నీటిలోకి నడిచిపోతుంది. కట్ట నిలుస్తుంది.

ఈ కావ్యాన్ని గురించిన చర్చ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. తెలుగులో తొలి ఆధునిక ఖండకావ్యం ఇదేనా అన్నది మొదటిది. విషాదాంతాన్ని అంగీకరించని సంప్రదాయంలో నాయిక మరణంతో కావ్యాన్ని ముగించడంలోని నవ్యత ఎటువంటిది అన్నది రెండవది. రెండూ అవసరమైన ప్రశ్నలే. మొదటిదానికి మాత్రం దక్కవలసినదానికంటే ఎక్కువ కాగితం దక్కింది. కట్ట ఎందుకు తెగబోయింది అన్న మూడవ ప్రశ్న అరుదుగా వినబడింది. కావ్యాన్ని ఇంజనీరు నివేదికలా చదవరాదన్న అభ్యంతరం న్యాయమైనదే. కవి దృష్టి వీడ్కోలు ఘట్టం మీద, ఇంటినుంచి కట్టదాకా ఆమె నడిచిన దారి మీద నిలిచింది. కావ్యబలం అక్కడే ఉంది. కాని ఒక ఊరంతా బతకడానికి ఒక కోడలు చావాలని చెప్పే కథలో, ఆ ఊరు అంతకుముందు ఏమి చేసింది, ఏమి చేయలేదు అన్నది బయటి ప్రశ్న కాదు. కావ్యనీతి దానిమీదే ఆధారపడి ఉంటుంది. తరువాతి కాలంలో తెలుగులో 'అర్థశాస్త్రము' రాసిన రచయిత తొలి కృతికి ఈ ప్రశ్న వేయడం అన్యాయం అనిపించదు.

కట్ట కొసన పుట్టిన పట్టణం

స్థానిక చరిత్ర ప్రకారం 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా ఈ కట్టను వేయించాడు. కట్ట రెండు కొసలలో వెలసిన ఊళ్ళకు బుక్కరాయసముద్రం, అనంతసాగరం అన్న పేర్లు వచ్చాయి, రెండవదే అనంతపురమైంది. రెండు పేర్లూ సముద్రాన్నీ సాగరాన్నీ పలకడం గమనించదగినది. కొండవాలు చూసుకొనో, కోట కోసమో, బాట కూడలి వద్దనో పుట్టిన పట్టణాలు చాలా ఉన్నాయి. అనంతపురం ఒక నీటిపారుదల కట్టడానికి అనుబంధంగా పుట్టిన ఊరు. అనంతపురానికి మొదటి నగర ప్రణాళిక అంటూ ఏదైనా ఉంటే అది ఆ కట్టే. నీరు ఎక్కడ ఆగాలి, ఏ తూము గుండా దిగాలి, మిగులు నీరు ఏ మరవ మీదుగా పారాలి అన్నవి ముందు నిర్ణయమయ్యాయి. ఇళ్ళు తరువాత వచ్చాయి.

ఆ నిర్ణయాల వెనుక ఎంత శాస్త్రం ఉండేదో తెలుసుకోవడానికి ఎక్కువ దూరం వెళ్ళనవసరం లేదు. అయిదేళ్ళ తరువాత, 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలోని పోరుమామిళ్ళలో చెరువు కట్టించి వేయించిన సంస్కృత శాసనం లభ్యమవుతున్నది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం అని అది లెక్క చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది. ధర్మపరుడైన రాజుతో పాటు జలశాస్త్రం తెలిసినవాడు, గట్టినేల, తీపినీటి నది ఆ జాబితాలో ఉన్నాయి. చెరువుకు ఆరు దోషాలు కూడా చెబుతుంది. కట్టనుంచి నీరు ఊరడం, చవుడునేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నడుమ మెరక ఉండటం అందులో నాలుగు. మిగిలిన రెండు ఈ చర్చకు కీలకం: విశాలమైన నేలకు కొద్దిపాటి నీరు, కొద్దిపాటి నేలకు అధికమైన నీరు. శాసనకర్త ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాడు. వాన తక్కువైన సీమలో ఒకే చెరువు ఒక ఏడాది మొదటి దోషానికీ, మరొక ఏడాది రెండవదానికీ లోనుకావచ్చునన్న అనుభవం లేనిదే ఆ జాబితా అలా తయారు కాదు.

శాస్త్రంతో పాటు నిర్వహణ వ్యవస్థా ఉండేది. చెరువు తవ్వించినవారికీ, మరమ్మతు చూసేవారికీ పన్ను లేకుండానో స్వల్ప పన్నుతోనో భూమినిచ్చే దశబంధం ఇనాము దత్తమండలాలలో విస్తృతంగా అమలులో ఉండేది. తూము తెరిచి మూసే నీరుగంటి ఉండేవాడు. ఈ ఏర్పాటు సమానత్వం మీద నిలిచినదని భ్రమపడనవసరం లేదు. ఎవరి మడికి ముందు నీరు, ఎవరి చేతికి ఎన్నడూ నీరు రాదు అన్నవి కులమే నిర్ణయించేది. 2019లో కేంద్ర సాహిత్య అకాదమీ పురస్కారం పొందిన 'శప్తభూమి'లో బండి నారాయణస్వామి హండే పాలకుల కాలపు అనంతపురాన్ని చిత్రిస్తూ, అధికారిక చరిత్రలు వదిలేసిన కింది కులాల బతుకును ముందుకు తెచ్చాడు. 'ముసలమ్మ మరణం'లోని ఊరిని ఈ నవలలోని ఊరితో కలిపి చదివినప్పుడు, కట్టకోసం అందరూ ఒకటైన గ్రామం అన్న చిత్రం కొంత పలచబడుతుంది. ఆ పలచబడటం మేలే.

ఎవరి బలి?

చెరువుకు కోడలిని బలి ఇచ్చే కథ అనంతపురానికే పరిమితం కాదు. పొరుగున కన్నడంలో 'కెరెగె హార' అన్న ప్రసిద్ధ జానపద గేయకథ ఉంది. అందులో మల్లనగౌడు చెరువు తవ్విస్తాడు. చుక్క నీరు పడదు. చిన్నకోడలు భాగీరథిని బలి ఇస్తే నీరు వస్తుంది. చివరకు భర్త కూడా అదే నీటిలో దూకుతాడు. రెండు కథల నిర్మాణం ఒకటే. చెరువు స్థితి మాత్రం తలకిందులు. అక్కడ నీరు రానందుకు బలి, ఇక్కడ నీరు ఆగనందుకు బలి. కరువుకు మారుపేరైన నేల తన స్మృతిలో భద్రపరచుకున్నది వరద కథ కావడం యాదృచ్ఛికమని తోసివేయలేము. ఇక్కడి వాన ఏడాది పొడుగునా పంచుకొని కురవదు. ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల కొద్ది రోజులలో కుమ్మరిస్తుంది. ఎండిన వంక ఒక్క రాత్రిలో నదిగా మారే చోట ప్రజలకు గుర్తుండేది ఆ రాత్రే.

రెండు కథలలోనూ బలి అయినది చిన్నకోడలు. ఇంటిలో పుట్టని మనిషి, ఇంటిలో అందరికంటే తక్కువ మాట చెల్లే మనిషి. ఆపదను తెచ్చిన నిర్ణయాలలో ఆమెకు భాగం లేదు; దాని మూల్యం మాత్రం పూర్తిగా ఆమెదే. రామలింగారెడ్డి ఆమె అంగీకారాన్ని ఉదాత్తం చేశాడు, కవిగా ఆయనకు అది సాధ్యమైంది కూడా. విమర్శ ఆ ఉదాత్తతకు నమస్కరించి ఆగిపోయినప్పుడు, ఆపదను అడుగుమెట్టు మీద ఉన్నవారికి బదిలీ చేసే పద్ధతి కనబడకుండా పోతుంది. ఆ పద్ధతి నేటికీ అనంతపురంలో కొనసాగుతున్నది.

2022 అక్టోబరులో భారీ వర్షాలకు అనంతపురం నగరం గుండా పారే నడిమివంక పొంగి ఒడ్డునున్న కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో ఎగువన కనగానపల్లి చెరువుకు గండి పడగా, 1364లో కట్టవేసిన ఆ పండమేరే పొంగి నగర శివారు కాలనీలలోకి వచ్చింది. పేదలకోసం ఏర్పాటైన ఇళ్ళు అందులో ఉన్నాయి. వంక ఒడ్డున ఇల్లు కట్టుకున్నవారిని ఆక్రమణదారులని నిందించడం సులభం. కాని పట్టణంలో నేల ధర పెరిగిన కొద్దీ, కూలిపని దొరికే చోటికి దగ్గరగా పేదవాడి చేతికి అందే స్థలం వంక ఒడ్డే. ప్రభుత్వం పట్టా ఇచ్చినా, తానే గుడిసె వేసుకున్నా అతడికి దక్కేది నీరు వదిలిన జాగాయే. ఏ సంస్థా 'ఈ ఇంటిని బలి ఇవ్వండి' అని పలకదు. లేఅవుట్ పటం ఆ పని నిశ్శబ్దంగా చేస్తుంది.

కరువు కళ్ళకు కనబడని వంక

ఇక్కడ సాహిత్య భావచిత్రానికీ ప్రణాళికకూ ఉన్న సంబంధాన్ని చూడాలి. కరువు సాహిత్యం చేసిన పని చిన్నది కాదు. సీమకు నీటిలో వాటా కావాలన్న రాజకీయ వాదానికి అది గొంతునిచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ, ఆపై హంద్రీ–నీవా వంటి పథకాలను గురించిన చర్చకు దాని బలం తోడైంది. నేడు నగరపు తాగునీటికి ఆధారం పెన్నఅహోబిలం జలాశయం. అక్కడికి చేరేది తుంగభద్ర నీరు. దాహం తీరింది, కనీసం కొంతమేరకు. అయితే ఆ గొట్టాలతో పాటు ఒక మరపు కూడా వచ్చింది. తాగే నీరు దూరంనుంచి వస్తున్నప్పుడు ఊరి చెరువు, దానిని నింపే వంకలు పట్టణవాసి దినచర్యనుంచి తప్పుకున్నాయి. మురుగు మోయడమే వాటికి మిగిలిన పని. నీరే లేని ఊరిలో నీటిదారికి చోటెందుకన్న తర్కం ఎవరూ పైకి చెప్పరు. స్థలాల అమ్మకాలు దానినే అనుసరిస్తాయి.

నిబంధనలలోనూ ఇదే దృష్టి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వెలువడిన భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, వాగు వెడల్పు పది మీటర్లు దాటితే తొమ్మిది మీటర్లు, పది లోపైతే రెండు మీటర్లు ఖాళీ వదలాలన్నాయి. ఏటి పొడవునా నీరుండే ప్రాంతానికి ఇది అర్థవంతమైన కొలత కావచ్చు. ఏడాదిలో పదకొండు నెలలు ఎండి ఉండే వంకకు వెడల్పు అంటే ఏమిటి? మే నెలలో గొలుసు పట్టి కొలిస్తే ఎనిమిది మీటర్లు వచ్చే పాయ అక్టోబరులో ఎంత నేల అడుగుతుందో ఆ కొలత చెప్పదు. పైగా, పూడిక చేరి, చెత్త పడి వంక ఎంత ఇరుకైతే వదలవలసిన జాగా కూడా అంత తగ్గుతుంది. ఆక్రమణకు నిబంధనే బహుమతి ఇస్తున్నట్లు లెక్క. 1914 తరువాత భారతీయ పట్టణాలను పరిశీలించిన పాట్రిక్ గెడ్డెస్, దోమల పేరుతో చెరువులను పూడ్చివేసే ఆనాటి పారిశుద్ధ్య ఇంజనీర్లతో విభేదించి, వాటిని శుభ్రపరచి పట్టణ జీవనంలో నిలుపుకోవాలని వాదించాడు. ప్రణాళికా సంస్థలు ఆయన పేరును గౌరవంగా తలుస్తాయి. పోరుమామిళ్ళ శాసనాన్ని తలిచేది మాత్రం చరిత్ర శాఖలవారే.

బుక్కరాయసముద్రం వద్ద చెరువుకట్ట మీద ముసలమ్మ కట్ట అని పిలిచే చోటు ఉంది. ఆమెకు పూజలు జరుగుతాయి. పరిశోధకులు ఆ చోటిని ఐతిహ్యానికి ఆనవాలుగా నమోదు చేస్తారు. కట్టలో బలహీనమైన చోటును తరతరాలు గుర్తుంచుకోవడానికి ఊరు పెట్టుకున్న గుర్తు అది అయి ఉండవచ్చునా అన్నది క్షేత్రపర్యటనతో తేల్చవలసిన విషయం. కావ్యం మీద మరొక రసచర్చకంటే ఆ పరిశీలన ఎక్కువ ఫలితాన్నివ్వవచ్చు. దానికి ముందు వంకల పేర్లు, మరవల పేర్లు, వెనకటి నీరుగంటి కుటుంబాలవారి నోట మిగిలిన కాలువల పేర్లు సేకరించవలసి ఉంది. పటాలలో 'డ్రెయిన్' అన్న ఒక్క మాట కింద అణిగిపోతున్న పేర్లు అవి. నడిమివంక అన్న పేరులో ఆ పారే నీరు ఊరి నడుమది అన్న సమాచారం ఇంకా మిగిలే ఉన్నది.