జంగుబాయి నేల మీద

పుష్యమాసం నెలవంక కనబడిందంటే మా జిల్లా గూడేల్లో చాలామంది చెప్పులు విడిచేస్తారు. జంగుబాయి దీక్ష పట్టిన గోండులు నేల మీదే పడుకుంటారు, ఎంత దూరమైనా ఉత్త కాళ్లతోనే నడుస్తారు. కెరమెరి మండలంలో, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న కొండగుహే జంగుబాయి నెలవు. అక్కడ గుడి గోపురం లేదు. గుహలో వెలిగించిన దీపాన్నే తల్లిగా మొక్కుతారు. దిక్కులేని గోండు పిల్లలను చేరదీసి పెంచిన తల్లి జంగుబాయి అని వాళ్ల పురాణం.

కాగజ్‌నగర్ నుంచి వెళ్లిన నేనూ గుహకు చేరే చివరి దారంతా చెప్పులు లేకుండానే నడిచాను. పుష్యమాసపు పొద్దున రాయి మంచులా ఉంటుంది, మన్ను మెత్తగా తగులుతుంది, ఎండుటాకుల కింద ముల్లు పొంచి ఉంటుంది. చూసి అడుగేయాలి, నెమ్మదిగా వేయాలి. దీక్షలో నాకు అన్నింటికన్నా గొప్పగా తోచింది ఇదే. నోటితో పొగడటం కాదు, అరికాలితో ఆమెను తెలుసుకోవడం.

పొగడ్త కోరని ఇలాంటి తల్లి జర్మనీలోనూ ఉంది. అక్కడ హెస్సె ప్రాంతపు మైస్నర్ కొండ మీద ఒక చెరువుంది. దాని అడుగున హోలే అమ్మ ఉంటుందని అక్కడివాళ్ల నమ్మకం. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన ఆమె కథలో ఒక పిల్ల బావిలో దూకి ఆ తల్లి లోకం చేరుతుంది. రొట్టెలు పొయ్యిలోంచి తీయాలి, ఆపిల్ చెట్టు దులపాలి, పరుపు విదిలించాలి. పరుపు ఈకలు రేగితే పైలోకంలో మంచు కురుస్తుంది. ఆ తల్లికీ కావలసింది చేతిపనే, స్తోత్రం కాదు. అయినా ఆ కొండనే శతాబ్దాల పాటు నేలబొగ్గు కోసం తవ్వుకున్నారు.

మనమేం తక్కువ కాదు. 1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు ఈ అడవుల వెదురు తిని బతికింది. ఆ మిల్లు వల్లే మా ఊరికి ‘కాగితపు నగరం’ అనే ఈ పేరూ, ఈ కూడూ. అందుకే ఈ అడవి రుణం నాకు బరువుగానే ఉంటుంది.

గుహ దగ్గరి పల్లెలు కొన్ని తెలంగాణ, మహారాష్ట్ర రెండూ మావే అనే పల్లెలు. అక్కడివాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఓటేస్తారు. జంగుబాయి జాతరకు రెండు వైపుల నుంచీ ఎడ్లబండ్లు వస్తాయి. జాతరకు వచ్చేవాళ్లకు మంచినీళ్లు కావాలి, మరుగుదొడ్లు కావాలి, రాత్రి వెలుతురు కావాలి. అవన్నీ కింద, బండ్లు విడిచేచోట కట్టండి. గుహకు పోయే దారి మాత్రం మన్నుగానే ఉండనివ్వండి. దాని మీద సిమెంటు పోయకండి.